ఇంగ్లండ్ కొండల్లో ఖాళీ రోడ్డు వెతుక్కోవడం ఎలా

డార్బీ, నాటింగ్‌హామ్ వైపు ఉంటున్న మనవాళ్లు ఈ మధ్య చాలామంది రోడ్ సైకిళ్లు కొంటున్నారు. మంచిదే, కానీ కొన్న రెండు నెలలకే ఆ సైకిల్ గ్యారేజీలో గోడకి చేరిపోతోంది. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట, "రోడ్డు మీద భయమేస్తోంది అన్నా, లారీలు ఒంటికి రాసుకుంటూ పోతున్నాయి" అని. ఆ భయం నిజమే, నేనూ పడ్డాను. కానీ ఇక్కడి నుంచి కారులో గంట దూరంలో పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో, ఆదివారం పొద్దున రెండు గంటలు తొక్కినా కార్ల కంటే గొర్రెలే ఎక్కువ ఎదురయ్యే రోడ్లున్నాయి. వాటిని ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నాక ఎలా తొక్కాలో తెలిసినంత వరకు రాస్తాను.

మొదటి ఏడాది నేను ఫోన్ చూపించిన దారినే నమ్ముకుని వెళ్లాను. అది నన్ను ఏ515 అనే పెద్ద రోడ్డు మీదకి ఎక్కించింది. ఆష్‌బోర్న్ నుంచి బక్స్‌టన్ వెళ్లే ఈ రోడ్డు చాలా చోట్ల రోమన్ల కాలపు దారి మీదే ఉంటుంది, గీత గీసినట్టు తిన్నగా పోతుంది, అందుకే దాని మీద వేగం కూడా అలాగే ఉంటుంది. ఒక పాల ట్యాంకర్ నా మోచేతికి జానెడు దూరంలో పోయింది, ఆ గాలికి సైకిల్ పక్కకి లాగేసింది, నేను గడ్డిలోకి దిగిపోయి పది నిమిషాలు అక్కడే కూర్చున్నాను. అలా కూర్చుని చూస్తుంటే రాతి గోడ అవతల, రెండు పొలాల దూరంలో, ఇంకో రోడ్డు కనిపించింది. సన్నగా, వంకరగా, ఖాళీగా ఉంది. ఒక పెద్దాయన కుక్కని వెంటబెట్టుకుని దాని మధ్యలో నడుచుకుంటూ పోతున్నాడు. ఆ రోడ్డు ఫోన్‌కి తెలియక కాదు, అటు వెళ్తే కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది కాబట్టి చూపించలేదు, అంతే.

అప్పటి నుంచి తిరిగి తిరిగి అర్థం చేసుకున్నది ఇది: ఈ దేశంలో ఖాళీ రోడ్డు కావాలంటే ఎత్తు ఎక్కాలి. 18వ శతాబ్దంలో టోల్ వసూలు చేసి వేసిన రోడ్లు గుర్రపు బండ్లు లాగగలిగేలా వాలు తక్కువున్న చోటు చూసుకుని వేశారు. ఇవాళ 'ఏ', 'బీ' అక్షరాలతో నంబర్లున్న పెద్ద రోడ్లు చాలా మటుకు వాటి వారసులే. అంతకు ముందు నుంచీ ఉన్న పల్లె దారులు, సరుకు గుర్రాలు నడిచిన దారులు మాత్రం కొండ మీదుగా నిటారుగా ఎక్కి నిటారుగా దిగుతాయి. కారులో పోయేవాడికి వాటితో పని లేదు. చదునుగా ఉండాలి, ఖాళీగా ఉండాలి, రెండూ ఒకే రోడ్డులో కావాలంటే ఈ కొండల్లో పాత రైలు కట్టల మీద తప్ప దొరకడం కష్టం. కాబట్టి ముందు చూసుకోవాల్సింది మ్యాప్, ఆ వెంటనే గేర్లు.

మ్యాప్ చదవడం

ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల గులాబీ అట్ట మ్యాప్ కొనండి, దాన్ని లాండ్‌రేంజర్ అంటారు, 1:50,000 స్కేల్, అంటే మ్యాప్ మీద 2 సెంటీమీటర్లకి నేల మీద ఒక కిలోమీటరు. పీక్ దక్షిణ భాగానికి 119 నంబర్ షీట్. నారింజ రంగు అట్టది కూడా ఉంటుంది, అది నడిచేవాళ్లకి బాగుంటుంది కానీ సైకిల్ మీద గంటలోనే దాని అంచు దాటేస్తాం. కాగితం మ్యాప్ కొంటే ఫోన్‌లోకి దించుకునే కోడ్ కూడా అట్ట లోపల ఉంటుంది, అయినా నేను కాగితాన్నే డైనింగ్ టేబుల్ మీద పరుచుకుంటాను, ఎందుకంటే ఫోన్ తెరలో ఒక మలుపు మాత్రమే కనిపిస్తుంది, కాగితం మీద లోయ మొత్తం కనిపిస్తుంది.

అందులో మీకు కావాల్సినవి పసుపు గీతలు. పసుపులోనే రెండు రకాలు, నాలుగు మీటర్ల కంటే వెడల్పున్న రోడ్డు ఒక రకం, అంతకంటే ఇరుకైనది ఇంకో రకం. ఆ ఇరుకు పసుపు గీతే మన రోడ్డు. దాని మీద బాణం తలలాంటి గుర్తులు కనిపిస్తాయి. ఒక బాణం ఉంటే వాలు 14 నుంచి 20 శాతం మధ్య, రెండు బాణాలుంటే 20 శాతం కంటే ఎక్కువ. బాణం మొన ఎప్పుడూ దిగే వైపు చూపిస్తుంది, ఇది గుర్తుపెట్టుకోండి, తిరగేసి చదివితే రోజంతా తలకిందులైపోతుంది. 20 శాతం అంటే వంద మీటర్లు పోయేసరికి ఇరవై మీటర్లు పైకి వెళ్లడం. మొదటి నెలల్లో రెండు బాణాలున్న రోడ్డుని ఎక్కడానికీ పెట్టుకోకండి, దిగడానికీ పెట్టుకోకండి. తడి రోజున అలాంటి రోడ్డు దిగడం, ఎక్కడం కంటే కష్టం.

వెళ్లాలనుకున్న మూడు నాలుగు పల్లెల్ని పెన్సిల్‌తో చుట్టండి, వాటిని పసుపు గీతలతోనే కలపండి. ఎరుపు రంగులో ఉన్న పెద్ద రోడ్డు అడ్డం వస్తే నేరుగా దాటే చోటు చూసుకోండి, దాని మీద అర కిలోమీటరు కూడా పోవాల్సిన అవసరం రాకుండా దారి మార్చండి. ఇలా గీసుకున్నాక గూగుల్ స్ట్రీట్ వ్యూలో రెండు మూడు చోట్ల దిగి చూడండి. రోడ్డు మధ్యలో తెల్ల గీత లేకపోతే మంచి గుర్తు. రోడ్డు మధ్యలో గడ్డి మొలిచి ఉంటే ఇంకా మంచి గుర్తు, అక్కడ రోజుకి పట్టుమని పది బండ్లు కూడా తిరగవని అర్థం. దారి గీసే యాప్‌లలో నాకు బాగా నచ్చింది సైకిల్ డాట్ ట్రావెల్ అనే సైటు, అది రద్దీ రోడ్లని తనంతట తానే తప్పిస్తుంది. తొక్కినవాళ్ల దారులన్నీ కలిపి చూపించే స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్ కూడా చూడొచ్చు కానీ అందులో ఎర్రగా మెరిసేది ఎక్కువమంది తొక్కిన రోడ్డే తప్ప ప్రశాంతమైన రోడ్డు కాదు.

ఇంకో మాట, మ్యాప్‌లో రంగు లేని తెల్ల రోడ్లు కొన్ని రైతుల సొంత దారులు, గేటు దాకా పోయి వెనక్కి రావాలి. చుక్కల గీతల్లో ఫుట్‌పాత్‌ల మీద సైకిల్ తొక్కే హక్కు లేదు, బ్రిడిల్‌వేల మీద, అంటే గుర్రాలు కూడా వెళ్లే బాటల మీద, 1968 నుంచి ఉంది కానీ ఆ రాళ్ల మీద రోడ్ సైకిల్ చక్రాలు నిలవవు.

గేర్లు, టైర్లు

కొండ ఎక్కలేకపోతే చాలామంది తమ ఒంట్లో శక్తి లేదనుకుంటారు. చాలాసార్లు లోపం గేర్‌లో ఉంటుంది. ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 34 పళ్లు ఉంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకి ఏడున్నర కిలోమీటర్ల వేగం వస్తుంది, మోకాళ్ల మీద భారం పడదు, ఊపిరి అందుతుంది. షాపులో వెనక 28 పళ్లతో ఇచ్చిన సైకిల్ అయితే క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) మార్పించండి, డిరైలర్ (గొలుసుని ఒక చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) అంత పెద్ద క్యాసెట్‌ని మోయగలదో లేదో ముందు మెకానిక్‌ని అడగండి. సైకిల్ మీద పెట్టే డబ్బుల్లో ఇంతకంటే ఉపయోగపడే ఖర్చు నాకు కనిపించలేదు. తేలిక చక్రాలు, కార్బన్ హ్యాండిల్‌బార్ తర్వాతి సంగతి.

గేర్ మార్చడం వాలు మొదలవక ముందే చేయాలి. మలుపు తిరగ్గానే గోడలా లేచే రోడ్లు ఇక్కడ మామూలే. బలమంతా పెడల్ మీద పెట్టి తొక్కుతూ మారిస్తే గొలుసు ఊడుతుంది, ఆ వాలులో మళ్లీ ఎక్కి తొక్కడం మొదలుపెట్టడం చాలా కష్టం. అలా దిగాల్సి వస్తే సైకిల్‌ని రోడ్డుకి అడ్డంగా తిప్పి, ఎక్కి, ఒక కాలు పెడల్‌కి పెట్టి పైకి తిప్పుకోండి. ముందూ వెనకా బండి రావట్లేదని చూసుకున్నాకే చేయండి. నడిపించుకుంటూ పోయినా ఏమీ తప్పు లేదు.

టైర్లు 28 మిల్లీమీటర్లకి తక్కువ వద్దు, ఫ్రేమ్‌లో పడితే 32 వేయండి. ఈ ఇరుకు రోడ్ల మీద ట్రాక్టర్ మట్టి, గులకరాళ్లు, పేడ ఉంటాయి. దానికి తోడు ఇంకొకటి ఉంది, మొదట్లో నాకు ఎవరూ చెప్పలేదు. పక్షులు గూళ్లు పెట్టే కాలం కాబట్టి మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా రైతులు పొలం కంచెల చెట్లు కత్తిరించకూడదు. సెప్టెంబర్ వచ్చిందంటే అందరూ కత్తిరింపులు మొదలుపెడతారు, హాథార్న్ అనే కంచె చెట్టు ముళ్లు రోడ్డంతా పడతాయి. అవి సూదుల్లా ఉంటాయి. కింది ప్రాంతాల్లో, కంచె చెట్లు ఎక్కువున్న చోట, సెప్టెంబర్ తర్వాత రెండు ట్యూబులు, పంపు లేకుండా బయల్దేరకండి. పై కొండల్లో కంచెల బదులు రాతి గోడలుంటాయి కాబట్టి ఈ బాధ తక్కువ.

మొదటిసారికి ఒక దారి

స్టాఫర్డ్‌షైర్‌లో వాటర్‌హౌసెస్ అనే పల్లె నుంచి మొదలుపెట్టండి. అక్కడ పాత రైల్వే స్టేషన్ దగ్గర కార్ పార్క్ ఉంది. 1904లో వేసి 1934లో మూసేసిన ఒక చిన్న రైలు మార్గం ఇప్పుడు మానిఫోల్డ్ వే అనే సైకిల్ బాట. 8 మైళ్లు, మొత్తం తారు వేసి ఉంది, అందుకే రోడ్ సైకిల్‌కి సరిగ్గా సరిపోతుంది. దగ్గర్లోని టిసింగ్టన్ ట్రైల్, హై పీక్ ట్రైల్ ఇంకా పేరున్నవే కానీ అవి కంకర బాటలు, వాన పడితే సున్నపు రాయి బురద గొలుసుకి పట్టేస్తుంది.

మొదట్లో కాసేపు ఏ523ని దాటుకుని దాని పక్కన పోవాలి, అక్కడ జాగ్రత్త. తర్వాత బాట లోయలోకి తిరుగుతుంది. ఎండాకాలంలో వెళ్తే పక్కనే నది ఉండాల్సిన చోట ఉత్త రాళ్లే కనిపిస్తాయి, నీళ్లు ఎటుపోయాయా అనుకుంటారు. ఈ లోయంతా సున్నపురాయి, నీళ్లు తక్కువున్నప్పుడు మానిఫోల్డ్ నది వెట్టన్ మిల్ దగ్గర నేల లోపలికి ఇంకిపోయి, కిందే పారి ఐలమ్ దగ్గర మళ్లీ పైకి వస్తుంది. దారిలో కుడి వైపు ఎత్తున కొండ అంచులో పెద్ద నోరు తెరిచినట్టు థోర్స్ కేవ్ అనే గుహ కనిపిస్తుంది. వెట్టన్ మిల్ దాటాక కొంత దూరం బాట మీద కార్లు కూడా వస్తాయి, తర్వాత ఒక చిన్న సొరంగం ఉంటుంది. లోపల దీపాలున్నా మీ లైటు వేసుకోండి, వెలుగులోంచి చీకట్లోకి వెళ్లినప్పుడు ఎదురొచ్చే డ్రైవర్‌కి మీరు కనబడాలి.

బాట హ్యూమ్ ఎండ్‌లో ముగుస్తుంది. పిల్లలతో వెళ్తే ఇక్కడ టీ తాగి అదే దారిన వెనక్కి వచ్చేయండి, అది కూడా పూర్తి రోజే. పెద్దవాళ్లయితే అసలు కొండ రోడ్లు ఇక్కడి నుంచి మొదలు. షీన్ అనే ఊరి మీదుగా లాంగ్నర్ దాకా దాదాపు 5 మైళ్లు, డవ్, మానిఫోల్డ్ నదుల మధ్య ఉన్న గట్టు మీదుగా పోతుంది. ఎక్కడం మెల్లగా మొదలవుతుంది, ఎక్కాక రెండు వైపులా లోయలు కనిపిస్తాయి, లాంగ్నర్ దగ్గరికి వచ్చేసరికి ఉత్తరాన క్రోమ్ హిల్, పార్క్‌హౌస్ హిల్ రంపపు పళ్లలా లేచి ఉంటాయి. ఈ రెండు కొండలూ ఒకప్పుడు వెచ్చని సముద్రం అడుగున పెరిగిన దిబ్బలు, చుట్టూ ఉన్న మెత్తని రాయి అరిగిపోయి ఇవి మిగిలాయి. లాంగ్నర్‌లో 1873 నాటి మార్కెట్ హాల్ మీద అప్పట్లో సంతకి వచ్చినవాళ్లు ఎంత సుంకం కట్టాలో రాసిన బోర్డు ఇప్పటికీ ఉంది, ఆగి చదవండి.

వెనక్కి హ్యూమ్ ఎండ్ దాకా అదే రోడ్డు, అక్కడి నుంచి ఆల్‌స్టన్‌ఫీల్డ్, వెట్టన్ పల్లెల మీదుగా వెట్టన్ మిల్‌కి దిగి, మళ్లీ మానిఫోల్డ్ బాట పట్టుకుని వాటర్‌హౌసెస్ చేరతారు. మొత్తం మీద 45 నుంచి 50 కిలోమీటర్లు. ఆగుతూ తొక్కితే నాలుగు గంటలు పెట్టుకోండి.

వెట్టన్ నుంచి మిల్‌కి దిగే రోడ్డు గురించి విడిగా చెప్పాలి. అది ఒక బండి పట్టేంత వెడల్పు, వాలు గట్టిగా ఉంటుంది, మధ్యలో వానకి కొట్టుకొచ్చిన గులక ఉంటుంది. నేను మొదటిసారి దిగినప్పుడు బ్రేకులు పట్టుకుని పట్టుకుని వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇప్పుడు హ్యాండిల్ కింది వంపు పట్టుకుంటాను, అక్కడ బ్రేక్ మీద పట్టు బాగుంటుంది. బరువు వెనక్కి జరుపుతాను. మలుపుకి ముందే వేగం తగ్గించేస్తాను, మలుపులో బ్రేక్ ముట్టుకోను. కనిపిస్తున్న రోడ్డులో సగం దూరంలోపే ఆగగలిగే వేగంలో ఉంటాను, ఎందుకంటే మిగతా సగం ఎదురొచ్చే బండికి కావాలి. మలుపు దగ్గర తొక్కడం ఆపి చెవి పెట్టండి. గోడ అవతల ట్రాక్టర్ వస్తుంటే కనబడక ముందే వినిపిస్తుంది. అందుకే ఈ రోడ్ల మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దని ఎవరు కలిసినా చెబుతాను.

రోడ్డు మీద మర్యాద

ఈ సన్న రోడ్ల మొదట్లో తెల్లని గుండ్రంలో ఏటవాలుగా నల్లని గీత ఉన్న బోర్డు చాలా చోట్ల ఉంటుంది. దానర్థం గంటకి 60 మైళ్ల దాకా పోవచ్చని, సందు ఎంత ఇరుకైనా సరే. అంత వేగంతో ఎవరూ రారు కానీ రావడానికి చట్టం అడ్డు చెప్పదు. కాబట్టి గోడకి ఆనుకుని తొక్కకండి. 2022 జనవరిలో మారిన హైవే కోడ్ ప్రకారం ప్రశాంతమైన రోడ్ల మీద, ఇరుకు చోట్ల, సైకిల్ వాళ్లు లేన్ మధ్యలో తొక్కొచ్చు. మధ్యలో ఉంటే మలుపు తిరిగి వచ్చేవాడికి ముందుగా కనబడతారు. 30 మైళ్ల లోపు వేగంలో కారు మిమ్మల్ని దాటాలంటే కనీసం మీటరున్నర దూరం వదలాలని కూడా అందులోనే ఉంది. అదే సమయంలో వెనక కారు ఓపిగ్గా వస్తుంటే పొలం గేటు దగ్గర ఆగి దారి ఇవ్వండి, చెయ్యి ఊపండి. వాళ్లూ ఆ పల్లెవాళ్లే, ట్రాక్టర్ వెనక ఆగడం అలవాటున్నవాళ్లే. నాకు ఇన్నేళ్లలో ఈ సందుల్లో కోపం చేసిన డ్రైవర్ కంటే నవ్వి చెయ్యెత్తిన డ్రైవర్లే ఎక్కువ.

గుర్రాలు కనిపిస్తే వేగం బాగా తగ్గించి, "హలో" అని మనిషి గొంతు వినిపించండి, చాలినంత దూరంగా కుడి వైపు నుంచి దాటండి. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చే సైకిల్ అంటే గుర్రానికి బెదురు. గొర్రెపిల్లల కాలంలో, అంటే ఏప్రిల్ చుట్టూ, తల్లి రోడ్డుకి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే పిల్ల తప్పకుండా తల్లి వైపే పరుగెత్తుతుంది. మీరు ముందుకొస్తున్నారా లేదా అది చూసుకోదు, ఆగిపోండి. రోడ్డు మీద ఇనుప కడ్డీల క్యాటిల్ గ్రిడ్ వస్తే తిన్నగా, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేక్ వేయకుండా దాటండి. తడిగా ఉంటే మరీ జాగ్రత్త.

ఎప్పుడు వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

మే, జూన్ నెలలు బాగుంటాయి, చీకటి పడేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. డిసెంబర్‌లో అయితే నాలుగు గంటలకే సూర్యుడు వెళ్లిపోతాడు. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చట్టప్రకారం ఉండాల్సిందే. నేను మబ్బు రోజున పగలు కూడా వేస్తాను. ఆదివారం పొద్దున ఏడుకి మొదలుపెడితే పది దాకా రోడ్లు మీవే, తర్వాత చూడ్డానికి వచ్చే కార్లు మొదలవుతాయి. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి ఉండేలా దారి గీసుకోండి, అలసిన కాళ్లకి అదే పెద్ద సాయం.

ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు చలి, రెండూ పావుగంటలో వస్తాయి. జేబులో పట్టే పల్చటి గాలి జాకెట్ ఒకటి జూలైలో కూడా ఉండాలి. పల్లెల్లో షాపు మూసేసి ఉండొచ్చు, పబ్ వంటగది మధ్యాహ్నం రెండు దాటితే ఆపేయొచ్చు. నేను పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, చపాతీలో బెల్లం నెయ్యి చుట్టి రెండు తీసుకెళ్తాను, ఆకలి వేయక ముందే గంటకోసారి కాస్త తింటాను. పులిహోర కారులో ఉంచుకోండి, తిరిగి వచ్చాక తినడానికి.

లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే దించుకోండి, ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో ఫోటో తీసి పంపండి. అత్యవసర నంబర్ 999కి 'రిజిస్టర్' అన్న ఆంగ్ల పదం మెసేజ్ పంపి ముందే నమోదు చేసుకుంటే, మాట్లాడేంత సిగ్నల్ లేనప్పుడు మెసేజ్‌తో సాయం అడగొచ్చు. రెండు నిమిషాల పని, ఇవాళే చేసేయండి.

మీరు పీక్‌కి దూరంగా ఉంటే ఇదే పద్ధతి వేరే షీట్ మీద పని చేస్తుంది. లండన్ వాళ్లకి చిల్టర్న్ కొండలు దగ్గర, మేరిల్‌బోన్‌లో రైలెక్కి వెండోవర్‌లో దిగితే చాలు, బీచ్ (beech) అనే పెద్ద చెట్ల నీడలో చిన్న చిన్న ఎత్తులు, పైన ఎర్ర గద్దలు తిరుగుతుంటాయి. బర్మింగ్‌హామ్ వాళ్లకి ష్రాప్‌షైర్, చర్చ్ స్ట్రెట్టన్ స్టేషన్‌లో దిగాక లాంగ్ మింద్ కొండ ఊరిని ఆనుకునే ఉంటుంది. కానీ అక్కడ ఊళ్లోంచి పైకి పోయే బర్వే రోడ్డు చాలా నిటారు, ఒక పక్క అంచుకి కంచె కూడా లేదు, దాన్ని రెండో ఏడాదికి ఉంచుకోండి. రైల్లో సైకిళ్లకి చోటు కొద్దిగానే ఉంటుంది, కొన్ని కంపెనీలు ముందే బుక్ చేసుకోమంటాయి, టికెట్ కొనేటప్పుడే అది కూడా చూసుకోండి.